కోలుకున్న సంగతి పేరుతో సహా చెప్పాలా? మైకు పట్టుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మద్యం మానేసి 22 నెలలైంది. 12 మెట్ల సమూహానికి, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతిలో మానేసినవాళ్ళు కలిసి కూర్చునే సమూహానికి, వెళ్తున్నారు. వ్యసనం మీద ఒక అవగాహన సభలో పేరూ ముఖమూ దాచుకోకుండా 15 నిమిషాలు మాట్లాడమని పిలిచారు, వీడియో కూడా తీస్తారట. ఆ కబురు విని ఒక బడివాళ్ళు కూడా పిల్లలకి చెప్పమంటున్నారు. ఇంట్లో 12 ఏళ్ళ కూతురు ఉంది. ఆఫీసులో విషయం తెలిసినవాళ్ళు ఇద్దరే. మాట్లాడొచ్చా, ఎంతవరకు చెప్పొచ్చు, సమూహం అనామకత్వం మాటేమిటి?

సూటిగా చెప్తాను. సభలో మాట్లాడండి. వీడియో మాత్రం ఈసారికి వద్దనండి. బడికి వెళ్ళకండి, ఎందుకో కింద రాశాను. సమూహం పేరు ఎత్తనంతవరకు అనామకత్వానికి భంగం లేదు. ఇక ఎంత చెప్పాలన్నదానికి ఒకటే కొలత: విన్న మనిషి రేపు పొద్దున ఏదో ఒక పని చేయడానికి ఏ ముక్క పనికొస్తుందో అది ఉంచండి, మిగతాది ఎంత గుండెలు పిండేదైనా తీసేయండి. సమూహంలో మాట్లాడేటప్పుడు మీ బరువు దించుకుంటారు, వినేవాళ్ళు దాన్ని మోయడానికి సిద్ధపడే వచ్చి ఉంటారు. సభకి వచ్చినవాళ్ళు అందుకు రాలేదు. ఈ రెండు రకాల మాటల్నీ కలిపేయడం వల్లే చాలా ప్రసంగాలు చెడతాయి, మాట్లాడినవాళ్ళూ వారం పాటు కుదేలవుతారు.

అనామకత్వం గురించి

ఇక్కడ గందరగోళం ఎక్కువ కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది. సమూహాలు నడుచుకునే నియమాలైన 12 సంప్రదాయాలను 1950లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ సమావేశంలో ఆమోదించారు. వాటిలో పదకొండోది పత్రికలు, రేడియో, సినిమాల స్థాయిలో సభ్యులు అనామకంగా ఉండాలంటుంది. దాని వెనక రెండు భయాలున్నాయి. పేరున్న సభ్యుడికి బహిరంగంగా తిరగబెడితే, అంటే మళ్ళీ తాగుడు మొదలైతే, "ఆ సమూహం పనిచెయ్యదు" అని జనం అనుకుంటారు. రెండోది, చప్పట్లు కోలుకుంటున్న మనిషి తలకెక్కుతాయి. రెండూ అనుభవం మీద వచ్చిన భయాలే.

అయితే ఆ సంప్రదాయం ఆపేది ఒక్కటే: "నేను ఫలానా సమూహం సభ్యుణ్ణి" అని బహిరంగ మాధ్యమంలో చెప్పడం. "నేను మద్యం వ్యసనం నుంచి కోలుకుంటున్నాను" అనడాన్ని అది ఆపదు. 1976 మేలో వాషింగ్టన్‌లో 52 మంది పేరున్నవాళ్ళు ఒకే వేదిక మీద నిలబడి తాము మద్యం వ్యసనం నుంచి కోలుకున్నామని చెప్పారు. సమూహం సభ్యత్వం ఊసు అక్కడ ఎత్తలేదు. 2001లో అమెరికాలోని సెయింట్ పాల్‌లో జరిగిన సమావేశం నుంచి పుట్టిన ఫేసెస్ అండ్ వాయిసెస్ ఆఫ్ రికవరీ అనే సంస్థ కూడా ఇదే దారి పట్టింది: పేరు చెప్పు, ముఖం చూపించు, కోలుకుంటున్నానని చెప్పు, ఏ దారిన కోలుకున్నావో ఆ సంస్థ ప్రతినిధిలా మాత్రం మాట్లాడకు.

మీకు పనికొచ్చే వాక్యం ఇలా ఉండొచ్చు: "నేను మద్యం వ్యసనం నుంచి కోలుకుంటున్నాను. అంటే 22 నెలలుగా మద్యం ముట్టలేదు. డాక్టరూ, నాలాంటివాళ్ళు కూర్చుని మాట్లాడుకునే ఒక సమూహమూ నాకు తోడున్నారు." ఇంతే చాలు. ఎవరైనా "ఏ సమూహం?" అని అడిగితే, "ఈ ఊళ్ళో ఉన్న సమూహాలన్నిటి వివరాలూ బయట బల్ల మీద పెట్టారు" అని దాటేయండి. ఇంకో మాట. ఇంటర్నెట్ కూడా బహిరంగ మాధ్యమమే. సభలో జాగ్రత్తగా మాట్లాడి, మర్నాడు సోషల్ మీడియాలో సమూహం ఇచ్చిన పతకం ఫోటో పెట్టేవాళ్ళున్నారు. మీ స్పాన్సర్ (సమూహంలో మీకు దారి చూపే పాత సభ్యుడు) పేరు, సమూహంలో విన్న ఇంకొకరి ఉదంతం, ఊరూ పేరూ మార్చినా సరే, మీ నోట రాకూడదు. వింటున్నవాళ్ళలో ఆ మనిషి చుట్టం ఉండొచ్చు.

22 నెలలు సరిపోతాయా?

ఇన్ని నెలలు దాటాలన్న రూలేమీ లేదు. మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి వైద్యులు వాడే పుస్తకం డీఎస్‌ఎమ్-5 (2013) ప్రకారం జబ్బు లక్షణాలు లేకుండా మూడు నెలలు దాటి ఏడాది లోపు ఉంటే తొలి దశ ఉపశమనం, ఏడాది దాటితే స్థిరమైన ఉపశమనం. తాగాలన్న తహతహ ఒక్కటి మిగిలి ఉన్నా ఆ లెక్కకి అడ్డం రాదు. నా అంచనా: ఏడాది లోపువాళ్ళు తలుపులు మూసిన చిన్న గదుల్లోనే మాట్లాడటం మంచిది, రికార్డింగ్ ఉన్న చోట రెండేళ్ళు దాటాకే. మీరు ఆ గీతకి దగ్గర్లో ఉన్నారు. వీడియో వద్దనడానికి అది ఒక కారణం.

క్యాలెండర్ కన్నా నమ్మదగిన పరీక్ష ఇంకోటుంది. ప్రసంగం మొత్తాన్ని సభకి రెండు వారాల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి, గట్టిగా, నిలబడి, నమ్మకమైన ఒక మనిషి ఎదుట చెప్పండి. ఆ రాత్రి నిద్ర ఎలా ఉంది, కలలో తాగడం వచ్చిందా, మర్నాడు సాయంత్రం మనసు ఎటు లాగింది, రాసి పెట్టుకోండి. రెండోసారికి తేలికపడితే వెళ్ళండి. రెండోసారి ఇంకా బరువెక్కితే ఏ భాగం చెప్తుండగా గొంతు పూడుకుపోయిందో చూసి ఆ భాగం కొట్టేయండి. గొంతు పూడుకుపోయే చోటు ఇంకా మానని గాయం. దాన్ని స్పాన్సర్ దగ్గరో కౌన్సెలర్ దగ్గరో తీయండి, వేదిక మీద కాదు. సభ తేదీ ఏదైనా వర్ధంతి దగ్గర పడితే, ముఖ్యంగా వ్యసనంతో ముడిపడిన చావు అయితే, తేదీ మార్పించుకోండి.

ఏవి తీసేయాలి

మాట్లాడటం కన్నా ఈ పని కష్టం, అందుకే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

మొదట కొలతలు తీసేయండి. రోజుకి ఎన్ని సీసాలు, ఏ బ్రాండు, దేంట్లో కలుపుకుని, ఎలా దాచిపెట్టి, ఇవేవీ వద్దు. కొలత చెప్పగానే రెండు అనర్థాలు జరుగుతాయి. రోజూ అందులో సగం తాగేవాడు "నాకింకా ఆ పరిస్థితి రాలేదు" అని ఊపిరి పీల్చుకుంటాడు. ఎవరిని లేపాలని వెళ్ళారో అతణ్ణే జోకొట్టి వస్తారన్నమాట. ఇక మానేసి మూడు వారాలైనవాడికి ఆ వర్ణన నోట్లో నీళ్ళూరిస్తుంది. సీసా బొమ్మ, గ్లాసులో పోస్తున్న చప్పుడు, సిరంజి ఫోటో, తెల్లపొడి, ఇలాంటి ఆనవాళ్ళు చూస్తేనే తహతహ లేస్తుంది. కాబట్టి స్లైడుల్లో అవి ఉండకూడదు. నిర్వాహకుల బ్యానరు మీద కూడా ఉండకూడదు. ముందే అడిగి చూడండి, తొంభై పాళ్ళు గ్లాసు బొమ్మే వేసి ఉంటారు. కొలత బదులు నష్టం చెప్పండి: "పొద్దున చేతులు వణక్కుండా ఉండాలంటే తాగాల్సి వచ్చేది." తాగే ప్రతివాడూ దాన్ని తన మీద పెట్టి చూసుకోగలడు.

తర్వాత ఇతరుల రహస్యాలు. మీ కథలో సగం మీ ఇంట్లోవాళ్ళది. మీ జీవిత భాగస్వామి పడిన అవమానం, అమ్మానాన్నల అప్పులు, అన్నదమ్ముల తాగుడు, ఇవి మీరు దానం చేయదగిన ఆస్తి కాదు. రాసుకున్న ప్రతిని వాళ్ళ చేతికివ్వండి. వాళ్ళు ఏ వాక్యం మీద వేలు పెడితే అది తీసేయండి, వాదించొద్దు. మీ అమ్మాయి విషయంలో ఇంకొంచెం పట్టుదలగా ఉండండి. 12 ఏళ్ళ పిల్ల "సరే నాన్నా" అనో "సరే అమ్మా" అనో అంటుంది, కానీ 16 ఏళ్ళప్పుడు ఆ వీడియో క్లాసులో తిరిగితే ఏమవుతుందో ఊహించే వయసు కాదది. వీడియో వద్దనడానికి అసలు కారణం ఇదే. తన పేరు, బడి, తను భయపడిన సందర్భాలు, ఏవీ వద్దు. "ఇంట్లోవాళ్ళు చాలా భరించారు" అన్న మాట చాలు. తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది, తెలియనివాళ్ళకి అక్కర్లేదు.

మూడోది చట్టానికి సంబంధించినది. తాగి బండి నడపడం, డబ్బు కాజేయడం, కొట్లాట, ఇంకా తేలని కేసు, పిల్లల సంరక్షణ వివాదం, ఇవి నోటితో చెప్తే సాక్ష్యమవుతాయి. లాయరుని అడగకుండా ఎత్తొద్దు. ఉద్యోగం విషయానికొస్తే, పనిలో ఉన్నప్పుడు తాగిన సంగతి చెప్పకండి. ఆఫీసువాళ్ళు ఇతరుల నోట వినేలోపు మీ పై అధికారికి మీరే ఒక మాట చెప్పడం మేలు: "ఫలానా తేదీన ఒక ఆరోగ్య సభలో సొంతంగా మాట్లాడుతున్నాను, సంస్థ పేరు ఎత్తను." అలా చెప్పడానికి ధైర్యం చాలకపోతే, పేరుతో మాట్లాడే రోజు ఇంకా రాలేదని అర్థం. మొదటి పేరుతో, ఫోటో లేకుండా మాట్లాడటం తప్పేమీ కాదు.

ఆత్మహత్య ప్రయత్నం మీ కథలో ఉంటే పద్ధతి, చోటు, వాడిన వస్తువు చెప్పొద్దు. "చచ్చిపోవాలనిపించింది, అప్పుడు సాయం అడిగాను" అనేదాకానే. ఆ వాక్యం తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో వెంటనే చెప్పండి, చివరికి దాచిపెట్టొద్దు.

పది నిమిషాల లెక్క

15 నిమిషాలిస్తే 10కి రాసుకోండి. మైకు ముందు తీరిగ్గా మాట్లాడితే నిమిషానికి సుమారు 90 నుంచి 110 మాటలు. చప్పట్లకి, తడబాటుకి, మంచినీళ్ళకి చోటు వదిలి 850 మాటలు రాయండి. పంచుకునే తీరు ఇలా:

ఇప్పుడు ఎవరు మీరు, ఏం చేస్తున్నారు: 1 నిమిషం. వ్యసనం ఎలా ఉండేది: 2 నిమిషాలు, అంతకు మించొద్దు. ఏది మలుపు తిప్పింది: 1 నిమిషం. ఎలా కోలుకుంటున్నారు: 4 నిమిషాలు. వాళ్ళని ఏం చేయమంటున్నారు: 2 నిమిషాలు.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ఎనిమిది నిమిషాలు నరకం, చివర ఒక్క నిమిషం "దేవుడి దయ వల్ల ఇప్పుడు బాగున్నాను". ఎందుకలా జరుగుతుందంటే నరకం బాగా గుర్తుంటుంది, చెప్తుంటే హాలు నిశ్శబ్దమైపోతుంది, ఆ నిశ్శబ్దం మాట్లాడేవాడికి మత్తులా ఎక్కుతుంది. విన్నవాళ్ళలో మిగిలేది మాత్రం జాలి, భయం. 2015లో మెక్‌గింటీ బృందం ప్రచురించిన పరిశోధనలో చికిత్స లేని హెరాయిన్ వ్యసనం గురించి చదివినవాళ్ళలో వ్యతిరేకత పెరిగింది. చికిత్సతో కోలుకున్న మనిషి గురించి చదివినవాళ్ళలో ఆ మనుషులకి దూరంగా ఉండాలన్న కోరిక తగ్గింది, చికిత్స పనిచేస్తుందన్న నమ్మకం పెరిగింది. అది మాదకద్రవ్యాల మీద చేసిన పరిశీలనే, మద్యం మీద కాదు. కానీ మీ ప్రసంగం ఎటు మొగ్గాలో తేల్చుకోవడానికి సరిపోతుంది.

కోలుకోవడం గురించి నాలుగు నిమిషాలు ఏం చెప్పాలో తోచట్లేదంటారు అందరూ. తోచకపోవడానికి కారణం దాన్ని గొప్ప మాటల్లో వెతకడం. చిన్న పనుల్లో వెతకండి. మొదటి వారం సాయంత్రం ఆరింటికి, రోజూ తాగే వేళకి, ఏం చేసేవారు? ఇంటికి ఏ దారిన వెళ్ళేవారు? జీతం పడిన రోజు కార్డు ఎవరి చేతిలో ఉండేది? విందుకి పిలిస్తే ఏ మాట చెప్పి తప్పించుకునేవారు? డాక్టరుని మొదటిసారి కలిసినప్పుడు ఏం అడిగారు? ఎన్నో నెలలో నిద్ర కుదుటపడింది? ఈ వివరాల కోసమే వెనక వరుసలో ఎవరో ఒకరు చెవులు రిక్కించి కూర్చుంటారు. తిరగబెట్టిన సందర్భం ఉంటే అదీ ఇక్కడే చెప్పండి, దాచొద్దు. అయితే తాగిన రాత్రి గురించి ఒక వాక్యం, మర్నాడు ఎవరికి ఫోన్ చేశారో నాలుగు వాక్యాలు.

చివరి రెండు నిమిషాల్లో ఒక్క కోరికే కోరండి. డాక్టర్లు ఎక్కువగా ఉన్న సభ అయితే "మీ దగ్గరికి వచ్చే ప్రతివాణ్ణీ తాగుడు గురించి మామూలు గొంతుతో అడగండి" అని. కుటుంబాలైతే "తిట్టడానికి ముందు ఒకసారి డాక్టరుతో మీరే వెళ్ళి మాట్లాడండి" అని. అధికారులైతే ఒక పేజీ కాగితం, రెండు నిమిషాల కథ, ఒక నిర్దిష్టమైన అడుగు: ఫలానా ఆసుపత్రిలో ఇన్ని పడకలు, ఫలానా మందు ఎప్పుడూ అందుబాటులో. ఐదు కోరికలు కోరితే ఒక్కటీ గుర్తుండదు.

మాటల విషయం

2010లో కెల్లీ, వెస్టర్‌హోఫ్ చేసిన ప్రయోగంలో ఐదు వందల మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకి ఒకే మనిషి ఉదంతం ఇచ్చారు, అతణ్ణి ఏమని పిలిచారన్న ఒక్క మాటే తేడా. "దుర్వినియోగం చేసేవాడు" అన్న అర్థం వచ్చే మాట చదివినవాళ్ళు తప్పంతా అతనిదేనని, శిక్ష తగినదేనని ఎక్కువగా అన్నారు. చదువుకున్న నిపుణుల సంగతే అలా ఉంటే సభలో జనం సంగతి చెప్పాలా?

తెలుగులో మన చిక్కులు మనకున్నాయి. "తాగుబోతు" వద్దని అందరికీ తెలుసు. "బానిస" అన్న మాట పత్రికల్లో అలవాటుగా వచ్చేస్తుంది, కానీ బానిసకి సొంత అడుగు ఉండదు, వైద్యం పనిచేస్తుందని చెప్పబోయే మనిషి ఆ మాటతో మొదలుపెట్టకూడదు. ఎవరూ పట్టించుకోని మాట "బాగుపడ్డాడు". అది మెచ్చుకోలులా వినిపిస్తుంది, కానీ అంతకుముందు చెడిపోయాడన్న తీర్పు అందులోనే ఉంది. జబ్బు చేసి లేచినవాణ్ణి బాగుపడ్డాడనం, కోలుకున్నాడంటాం. అందుకే "కోలుకోవడం" మంచి మాట. "తిరగబెట్టడం" ఇంకా మంచిది, జ్వరానికి వాడే మాట కాబట్టి అందులో తప్పు మోపడం లేదు. "మళ్ళీ మొదలెట్టాడు" అనే బదులు "మళ్ళీ తిరగబెట్టింది" అని చూడండి, క్రియ మారగానే వేలు మనిషి మీంచి జబ్బు మీదకి పోతుంది. "చెడు అలవాటు" కూడా వద్దు, గోళ్ళు కొరకడం అలవాటు, ఇది అలవాటు కాదు. అయితే సమూహంలో తమని తాము ఏమని పిలుచుకున్నా అది వాళ్ళిష్టం, దాన్ని దిద్దే పని మనది కాదు.

వైద్యం జోలికి ఎంతవరకు

ఈ తప్పు ప్రాణాల మీదకి వస్తుంది. "ఒక్క రోజులో అన్నీ పారబోశాను, మళ్ళీ ముట్టలేదు" అన్న వాక్యానికి చప్పట్లు పడతాయి. విన్నవాళ్ళలో ఏళ్ళ తరబడి రోజూ విపరీతంగా తాగేవాడు ఆ రాత్రే అదే పని చేస్తే? అలాంటివాళ్ళు ఉన్నట్టుండి ఆపితే సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ, తీవ్ర జ్వరంతో ప్రాణాపాయం రావొచ్చు. ఆందోళనకి, నిద్రకి ఇచ్చే డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటి మాత్రలు ఎక్కువకాలం వాడినవాళ్ళకీ ఇదే ప్రమాదం. కాబట్టి మీరు నిజంగానే ఒక్క రోజులో ఆపి ఉంటే పక్కనే ఈ వాక్యం పెట్టండి: "నాకు ఏమీ కాకపోవడం అదృష్టం. రోజూ తాగేవాళ్ళు డాక్టరుని కలిశాకే ఆపండి."

హెరాయిన్ లాంటివాటి విషయంలో ఇంకో సంగతి: కొన్నాళ్ళు ఆపాక ఒళ్ళు పాత మోతాదుని తట్టుకోలేదు. డీ-అడిక్షన్ కేంద్రం నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి వారాల్లో పాత మోతాదే ప్రాణం తీస్తుంది. ఆ సభలో అలాంటి కుటుంబాలు ఉంటాయనుకుంటే ఈ రెండు ముక్కలూ తప్పక చెప్పండి.

మందులతో కోలుకునేవాళ్ళని చిన్నబుచ్చకండి. హెరాయిన్ లాంటివాటి వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. "మాత్రల మీద ఉంటే అది కోలుకోవడం కాదు" అని వేదిక మీద ఒక్కరు అంటే చాలు, ఇంట్లోవాళ్ళు ఆ మాత్రలు మాన్పించేస్తారు. "నాకు ఇది పనిచేసింది" అనండి, "ఇదొక్కటే పనిచేస్తుంది" అనకండి.

బడికి ఎందుకు వద్దన్నానంటే

ఇది చాలామందికి మింగుడుపడదు, మంచి మనసుతో పిలుస్తారు కాబట్టి. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం 2013లో నివారణ మీద అంతర్జాతీయ ప్రమాణాలు ప్రచురించింది. బడుల్లో ఫలితం ఇవ్వని, కొన్నిసార్లు బెడిసికొట్టే పద్ధతుల్లో ఉపన్యాసాలు, భయపెట్టడంతోపాటు ఒకప్పుడు వాడినవాళ్ళ చేత అనుభవాలు చెప్పించడాన్ని కూడా చేర్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. మీరు చెప్పేది "తాగొద్దు" అని. 14 ఏళ్ళ పిల్లాడు చూసేది వేరు: ఈయన అన్నీ చేశాడు, బయటపడ్డాడు, ఇప్పుడు మైకు పట్టుకుంటే టీచర్లు చప్పట్లు కొడుతున్నారు. పైగా ఆ వయసువాళ్ళకి ఎవరూ చెప్పని వివరాలు కొత్తగా తెలుస్తాయి. కొరిగన్ బృందం 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మానసిక జబ్బుల పట్ల చిన్నచూపు తగ్గించడంలో పెద్దవాళ్ళకి నేరుగా మనిషిని కలవడం ఎక్కువ పనిచేసింది, కౌమారంలో ఉన్నవాళ్ళకి చదువు చెప్పడమే ఎక్కువ పనిచేసింది. అదే పరిశీలనలో వీడియో కన్నా ఎదురుగా కూర్చుని మాట్లాడటమే మెరుగని కూడా తేలింది, మీ వీడియో నిర్ణయానికి ఇదీ ఒక ఆసరా.

బడివాళ్ళతో ఇలా అనండి: "పిల్లలకి వద్దు, టీచర్లకీ తల్లిదండ్రులకీ చెప్తాను." పిల్లాడు తాగి వస్తే కొట్టకుండా, బడి నుంచి వెళ్ళగొట్టకుండా ఏం చేయాలో అన్న మాట అక్కడ బాగా చెల్లుతుంది.

మీడియావాళ్ళు వస్తే

రాతపూర్వకంగా అడగండి: ప్రత్యక్ష ప్రసారమా, రికార్డా? శీర్షిక ఎవరు పెడతారు? మీ మాటలు ప్రచురించే ముందు చదివి వినిపిస్తారా? ఏ ఫోటో వాడతారు? గ్లాసు ముందు కూర్చోపెట్టి ఫోటో అడిగితే లేచి వచ్చేయండి. "ఇది రాయకండి" అని చెప్పి చెప్పే మాట ఏదైనా రాస్తారనే అనుకోండి. ఒకసారి ఎక్కిన వీడియో దిగదు, తీసేశామన్నా ఎవరి ఫోనులోనో ఉంటుంది. మీ వరకు, మొదటిసారికి రికార్డింగ్ లేదన్న షరతు మెయిల్‌లో ఒప్పుకున్నాకే తేదీ ఖాయం చేయండి. హాల్లో ఫోనులతో తీయొద్దని నిర్వాహకుడు మైకులో చెప్పాలి, అది మీ నోట రాకూడదు.

ప్రశ్నలు, ఆ తర్వాత వచ్చే క్యూ

మూడు ప్రశ్నలు ఖాయంగా వస్తాయి. "రోజుకి ఎంత తాగేవారు?" దానికి: "ఆగలేనంత. ఎంతన్నది మనిషిని బట్టి మారుతుంది, ఆగలేకపోవడమే అసలు గుర్తు." "ఇంట్లోవాళ్ళు ఎలా భరించారు?" దానికి: "అది వాళ్ళు చెప్పాల్సిన మాట, నేను చెప్పను." "మా ఆయన మానట్లేదు, ఏం చేయమంటారు?" ఇదే కష్టం, ఎందుకంటే సలహా చెప్పేయాలనిపిస్తుంది. ఇలా అనండి: "ఆయన్ని చూడకుండా నేను చెప్పలేను. కానీ ఆయన రాకపోయినా మీరు ఒక్కరే వెళ్ళి కౌన్సెలర్‌ని కలవొచ్చు." తాగేవాళ్ళ కుటుంబాల కోసమే 1951 నుంచి అల్-అనాన్ నడుస్తోందని కూడా చెప్పొచ్చు. అందులో మీరు సభ్యులు కారు కాబట్టి పేరు ఎత్తినా అనామకత్వం సమస్య లేదు.

అసలు బరువు ప్రసంగంలో ఉండదు, అది అయ్యాక మీ ముందు కట్టే వరుసలో ఉంటుంది. చెయ్యి పట్టుకుని ఏడ్చేవాళ్ళు, కొడుకు పోయాడని చెప్పేవాళ్ళు, ఫోన్ నంబరు అడిగేవాళ్ళు. దీనికి ముందే ఏర్పాటు చేసుకోకపోతే ఆ రాత్రి మీ దగ్గర ఏమీ మిగలదు. కౌన్సెలర్ ఒకరు హాల్లో ఉండాలని నిర్వాహకులకి షరతు పెట్టండి. సహాయ నంబర్లున్న చీటీలు చేతిలో ఉంచుకోండి, ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలు, సొంత నంబరు ఎవరికీ వద్దు. ఎవరైనా చచ్చిపోవాలని ఉందంటే ఒంటరిగా వదలకుండా కౌన్సెలర్ దగ్గరికి నడిపించండి, మాటలతో మీరే తేల్చేయాలని చూడొద్దు. పక్కన ఒక స్నేహితుణ్ణి నిలబెట్టుకోండి. అరగంట తర్వాత "బండి వచ్చింది" అని పిలిచే పని అతనిది.

ఆ రాత్రి, ఆ తర్వాత

చప్పట్ల ఊపు రెండు మూడు గంటల్లో దిగుతుంది, దిగినప్పుడు లోపల ఖాళీగా ఉంటుంది. మాట్లాడిన రాత్రి జాగ్రత్త చాలామంది తీసుకోరు. తిండి ముందే ఏర్పాటు చేసుకోండి, నిర్వాహకుల విందులో మద్యం ఉంటుందేమో ముందే కనుక్కోండి, ఉంటే వెళ్ళొద్దు. రాత్రి పదింటికి స్పాన్సర్‌కి ఫోన్ అని ముందే మాట్లాడి పెట్టుకోండి, "అవసరమైతే చేస్తాను" అని వదిలేయొద్దు. మర్నాడో ఆ మర్నాడో మామూలు సమావేశానికి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చోండి. వేదికలు పెరిగేకొద్దీ సమావేశాలు తగ్గుతున్నాయంటే అది ప్రమాద ఘంటే. మొదటి ఏడాది నెలకి ఒకటికి మించి ఒప్పుకోకండి.

తిరగబెడితే? ఈ మాట ఇప్పుడే నిర్వాహకులతో మాట్లాడుకోవాలి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఎవరికి చెప్తారు, ఒప్పుకున్న సభలు ఎవరు రద్దు చేస్తారు, బయటికి ఏం చెప్పాలి, రాసి ఒక నమ్మకస్థుడి దగ్గర ఉంచండి. బయటికి చెప్పే మాట రెండు వాక్యాలు దాటకూడదు: "నాకు తిరగబెట్టింది, చికిత్స తీసుకుంటున్నాను. కొన్నాళ్ళు మాట్లాడను." వివరణ, క్షమాపణ, వాగ్దానం అక్కర్లేదు. బహిరంగంగా మాట్లాడినవాళ్ళు పరువు కోసం దాచిపెట్టి, ఆ దాపరికంలోనే ఇంకా లోతుకి దిగిపోవడం జరుగుతుంది. ఆ చీటీ ఉంటే దాచడానికి కారణం ఒకటి తగ్గుతుంది.

ఇప్పటికిప్పుడు నిర్వాహకులకి పంపాల్సిన మెయిల్‌లో ఇవి ఉంటే సరిపోతుంది: రికార్డింగ్ ఉండదని ఒప్పుకోలు, హాల్లో కౌన్సెలర్, బ్యానరు మీద సీసా, గ్లాసు బొమ్మలు వద్దు, ప్రశ్నలు ముందు చీటీల మీద రాయించి నిర్వాహకుడే చదవాలి, పరిచయంలో మీ ఆఫీసు పేరు, సమూహం పేరు ఎత్తకూడదు. మిమ్మల్ని పరిచయం చేసే వాక్యం మీరే రాసి ఇవ్వండి. ఆ పని వాళ్ళకి వదిలేస్తే "ఒకప్పటి తాగుబోతు, నేడు..." అని మొదలుపెడతారు.